పెరటాసి శనివారం ఇంట్లో ఎలా చేసుకోవాలి? తళిగలు, పిండి దీపం, గోవింద భిక్ష

ఓం నమో వేంకటేశాయ.

పెరటాసి శనివారం పూజ ఎలా చేయాలో వీడియోలో చూపించాం. ఎందుకు చేస్తాం, అందులో ఏది తప్పనిసరి, ఏది కుదరకపోయినా ఫర్వాలేదు అన్నది మాత్రం తీరిగ్గా చదువుకోవాల్సిన విషయం. అందుకే ఈ పోస్ట్. ముఖ్యంగా నాలాగా బెంగళూరులోనో చెన్నైలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, నెల మొత్తంలో ఒక్క శనివారం మాత్రమే ఇంటికి రాగలిగే వాళ్ళ కోసం రాస్తున్నాను.

పెరటాసి అంటే ఏ నెల?

మన తెలుగు నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. పెరటాసి సూర్యుణ్ణి బట్టి వచ్చే నెల. సూర్యుడు కన్యారాశిలో ఉన్నన్నాళ్ళూ పెరటాసి, అంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా. అందుకే ఇది మన క్యాలెండర్‌లో ఒకే నెలలో కుదురుగా ఉండదు. సాధారణంగా భాద్రపదంలో మొదలై ఆశ్వయుజంలోకి జరుగుతుంది.

2025నే తీసుకోండి. శనివారాలు సెప్టెంబర్ 20, 27, అక్టోబర్ 4, 11 తేదీల్లో వచ్చాయి. మొదటి శనివారానికి మర్నాడే మహాలయ అమావాస్య. రెండో శనివారం తిరుమల బ్రహ్మోత్సవాల మధ్యలో పడింది (ఆ ఏడాది ఉత్సవాలు సెప్టెంబర్ 24 నుంచి అక్టోబర్ 2 దాకా). మూడోది విజయదశమి అయిన రెండు రోజులకు. అంటే పెద్దల తలపు, స్వామి ఉత్సవం, బొమ్మల కొలువు, పిల్లల దసరా సెలవులు అన్నీ ఈ ఒక్క నెలలోనే. మా తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళకు అసలైన పండగల నెల ఇదే. చాలా ఇళ్ళల్లో నెలంతా నీచు ముట్టరు.

మరి తెలుగువాళ్ళం, తమిళ నెల మనకెందుకు అని కొందరికి సందేహం. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. తర్వాత 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. గీతలు ఎన్నిసార్లు మారినా వంటింట్లో నెల మాత్రం మారలేదు.

కుమ్మరి భీముడి కథ

ఈ శనివారాల గురించి మా ఇళ్ళల్లో చెప్పే కథ తొండమాన్ చక్రవర్తిది. శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడు అని ఊరుంది కదా, ఆయన పేరు మీదే. ఆ రాజు స్వామిని బంగారు పూలతో పూజించేవాడు. ఒకరోజు వచ్చి చూస్తే తన బంగారు పూల పక్కన మట్టి పూలు కనిపించాయి. ఎవరివి స్వామీ అని అడిగితే, భీముడనే కుమ్మరివి అన్నాడట స్వామి. ఆ భీముణ్ణే కురువనంబి అంటారు. గుడికి పోయే తీరిక లేక, కుండలు చేస్తూ చేతికి అంటిన మట్టితోనే పూలు చేసి, పని చేసే చోటే స్వామికి పెట్టుకునేవాడు. తిరుమలలో నైవేద్యానికి మట్టి ఓడు వాడే సంప్రదాయం కూడా ఆయన భక్తికి గుర్తే అని పెద్దలు చెబుతారు.

ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. భీముడు పని మానుకొని పూజ చేయలేదు. పనిలో మిగిలిన మట్టినే ఇచ్చాడు. సెలవు దొరకలేదు, టైమ్ లేదు అని బాధపడేవాళ్ళు ఈ కథను గుర్తు పెట్టుకోవాలి.

అసలు విషయం చెంబులో ఉంది

పెరటాసి శనివారం అనగానే అందరికీ గుర్తొచ్చేది వంట. పులిహోర, చక్కెర పొంగలి, వడలు, పాయసం, పెరుగన్నం, గుగ్గిళ్ళు. ఇవన్నీ అరిటాకులో స్వామి ముందు వడ్డించడమే తళిగలు వేయడం. కానీ ఈ పండగ మొదలయ్యేది వంటింట్లో కాదు, పక్కింటి గడపలో.

పొద్దున్నే తలస్నానం చేసి, నామం పెట్టుకొని, ఇత్తడి చెంబుకు కూడా నామం దిద్ది, తులసి మాల చుట్టి, "గోవిందా గోవిందా" అంటూ ఇల్లిల్లూ తిరుగుతాం. ప్రతి ఇంట్లో ఒక పిడికెడు బియ్యం చెంబులో వేస్తారు. ఆ బియ్యంతోనే స్వామికి అన్నం వండాలి. పల్లెల్లో అయితే దాసరయ్య శంఖం, జేగంటతో ముందు నడుస్తాడు. దీన్నే ఉపాదానం అని కూడా అంటారు. త్యాగరాజ స్వామి తిరువయ్యారులో బతికిందీ ఇలాంటి ఉంఛవృత్తితోనే.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ముందుగా వదిలేస్తున్నది దీన్నే. వంటకాలు పెరుగుతున్నాయి, చెంబు అటక ఎక్కుతోంది. కారణం అందరికీ తెలుసు, సిగ్గు. నెలకు ఇంత జీతం తీసుకుంటూ ఎదురింటి గడపలో నిలబడి బియ్యం అడగడమేంటి అనిపిస్తుంది. నిజానికి ఆ సిగ్గు కోసమే పెద్దలు ఇది పెట్టారని నా నమ్మకం. ఇంట్లో బస్తా బియ్యం ఉన్నా, స్వామికి పెట్టే ముద్ద మాత్రం అడిగి తెచ్చుకోవాలి. అప్పుడే "నేను పెట్టాను" అనే మాట నోటికి రాదు.

ఇంకోటి. చెంబులోకి పడ్డాక సోనా మసూరి, రేషన్ బియ్యం, పాత బియ్యం, కొత్త బియ్యం అన్నీ కలిసిపోతాయి. ఏ గింజ ఏ ఇంటిదో, ఆ ఇల్లు ఎవరిదో ఎవరూ విడదీయలేరు. స్వామి తినేది ఆ కలిసిన అన్నమే.

మా అవ్వ పెట్టిన నియమం ఒకటుంది: వరసలో ఒక్క ఇల్లు కూడా వదలకూడదు. మా పక్కింటి వాళ్ళకూ మాకూ కాంపౌండ్ గోడ విషయంలో మాట పట్టింపు వచ్చి రెండేళ్ళు పలకరింపులు లేవు. ఆ శనివారం కూడా అవ్వ మాట అవ్వదే. చెంబు పట్టుకొని గేటు దగ్గర నిలబడి గోవిందా అన్నాను. ఆ అత్త బయటికొచ్చి చూసి, లోపలికి పోయి, చేటలో బియ్యం తెచ్చి వేసి, చెంబుకు దండం పెట్టుకుంది. ఒక్క మాట కూడా లేదు. సాయంత్రం అమ్మ వాళ్ళకు ప్రసాదం పంపింది. గిన్నె తిరిగొచ్చేటప్పుడు అందులో నాలుగు అరటిపళ్ళు ఉన్నాయి. గోడ గొడవ ఇంకా తేలలేదు. పలకరింపులు మాత్రం మొదలయ్యాయి. మామూలు రోజుల్లో ఆ గేటు దాకా పోవడానికి మాలో ఎవరికీ కాలు ఆడేది కాదు.

ఇంట్లో చేసుకునే పద్ధతి

1. శుక్రవారం సాయంత్రమే ఇల్లు కడిగి, పూజ సామాను తోమి పెట్టుకోండి. ఈ పని అమ్మ ఒక్కదాని మీద వేయకండి. బస్సు దిగి వచ్చినవాళ్ళు తోమొచ్చు.

2. శనివారం పొద్దున భిక్షకు కనీసం మూడు ఇళ్ళకైనా వెళ్ళండి. పిల్లలకే చెంబు ఇవ్వండి, వాళ్ళకు సిగ్గు ఉండదు, గొంతూ బాగా లేస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే తెలిసిన ఫ్లాట్లకు ముందు రోజే చెప్పి వెళ్ళండి. బియ్యం బదులు ఫోన్‌లో డబ్బులు పంపుతామంటే నవ్వుతూ వద్దనండి. పిడికెడు బియ్యమే కావాలి.

3. పిండి దీపానికి రెండు గ్లాసుల బియ్యం నానబెట్టి, నీడలో గుడ్డ మీద ఆరబెట్టండి. చేతికి ఇంకా తడి తగులుతుండగానే మిక్సీ పట్టి జల్లించండి. ఒక గ్లాసు బెల్లం తురుము, కొంచెం ఏలకుల పొడి కలిపి ముద్ద చేయండి. ఆ తడికే బెల్లం కరిగి ముద్ద అవుతుంది, నీళ్ళు పోయొద్దు. మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, వత్తి వేసి వెలిగించండి.

4. భిక్ష బియ్యం రకరకాలుగా ఉంటాయి కాబట్టి ఒకటి మెత్తబడితే ఇంకొకటి పలుకుగా ఉంటుంది. అరగంట నానబెట్టి పొంగలి చేస్తే ఆ తేడా తెలియదు.

5. అరిటాకులో తళిగ వేసి, తులసి పెట్టి, ఇంటిల్లిపాదీ గోవింద నామాలు చెప్పుకొని హారతి ఇవ్వండి. మొక్కు ఉన్నవాళ్ళు పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి, కొండకు పోయినప్పుడు హుండీలో వేస్తారు.

6. పిండి దీపం ఆరిపోయింది అనకండి, కొండెక్కింది అనాలి. తెలుగువాళ్ళందరూ అనే మాటే ఇది. మాకు మాత్రం కొండ అంటే ఒక్కటే కొండ కాబట్టి, ఆ వెలుగు నేరుగా స్వామి దగ్గరికే పోయిందని చిన్నప్పటి నుంచీ అనుకుంటాం. కొండెక్కాక ఆ పిండిని అందరికీ పంచండి.

7. భిక్ష వేసిన ప్రతి ఇంటికీ ప్రసాదం చేరాలి. ఇది చేయకపోతే పూజ సగమే.

కొన్ని సందేహాలు

అన్ని శనివారాలూ చేయాలా? కుదిరితే మంచిదే. లేకపోతే ఏదో ఒక శనివారం చేసుకోండి. ఇంట్లో అందరూ ఉండే శనివారమే మంచిదని నా అభిప్రాయం.

వంటకాలు తగ్గిస్తే తప్పా? క్రీ.శ. 966లో పల్లవ రాణి సామవాయి స్వామికి వెండి విగ్రహం చేయించి, ఉత్సవాలకు భూములు ఇచ్చింది. భీముడు మట్టి పూలు ఇచ్చాడు. స్వామి ఇద్దరివీ తీసుకున్నాడు. అమ్మకు ఓపిక లేకపోతే పొంగలి, పెరుగన్నం, పిండి దీపం చాలు.

ఈ ఏడాది ఇంట్లో మైల ఉంది, పూజ చేయకూడదు, ఎలా? పూజ విషయం మీ పెద్దల్ని అడిగి చేయండి. ఆ శనివారం మనసులో గోవిందా అనుకోవడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

విదేశంలో ఉన్నాం, భిక్షకు ఎవరూ లేరు అంటారా? తెలిసిన తెలుగు కుటుంబం ఒక్కటి ఉన్నా చాలు. వాళ్ళింట్లో మీరు, మీ ఇంట్లో వాళ్ళు ఒక పిడికెడు అడగండి. మర్చిపోకుండా ప్రసాదం పంపుకోండి.

వచ్చే పెరటాసికి ఊరికి పోయేవాళ్ళు టికెట్ బుక్ చేసుకునే ముందు ఇంటికి ఒక ఫోన్ చేసి, ఆ చెంబు ఎక్కడుందో అడగండి. అటక మీద ఉంటే దింపి తోమి పెట్టమనండి. వంట సంగతి తర్వాత చూసుకోవచ్చు.

గోవిందా గోవిందా!