కొలెస్టరాల్ – ఎవరి సలహా వినాలి?

పాలలో వెన్న శాతం చూపుకు తెలియదు, పరీక్షలో తేలుతుంది. రక్తంలో కొలెస్టరాల్ కూడా అంతే. మొత్తం కొలెస్టరాల్ డెసిలీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది. మించిందని చీటీ రాగానే సలహాలు మొదలవుతాయి. నెయ్యే మందని ఒకరు, పాలే ముట్టవద్దని మరొకరు!

సాలూరు దుకాణాల్లో పామాయిలు ప్యాకెట్టు మీద 'కొలెస్టరాల్ లేదు' అని కనిపిస్తే అది అబద్ధం కాదు. మొక్కల నూనెల్లో అది ఉండదనే చెప్పవచ్చు. కాని పామాయిలులో సుమారు సగం సంతృప్త కొవ్వే. రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచేది ముఖ్యంగా ఆ కొవ్వే. అమ్మేవారి మాటను అమ్మకపు మాటగానే వినాలి. ఆ లెక్కన పాలు పోసే మనమూ నిష్పక్షపాతులం కాము.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో ఇక్కడికి వచ్చింది. అది 2024లో భారతీయులకు 17 ఆహార సూత్రాలు ప్రకటించింది. నూనెలు, కొవ్వులు మితంగా వాడమంది. పప్పులు, కూరగాయలు పెంచమంది. పాలు మానమనలేదు. గేదె పాలలో వెన్న 6, 7 శాతం ఉంటుంది. కాచి మీగడ తీస్తే కొవ్వు చాలావరకు పోతుంది, మాంసకృత్తులు, కాల్షియం మిగులుతాయి. మన చోడి అంబలి, ఉలవలు పీచు ఉన్న ఆహారమే.

అయితే ఆ సూత్రాలు అందరికీ చెప్పినవి. చీటీ వచ్చినవారు ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుకు చూపించాలి. ఆయన బిళ్ళలు రాస్తే, అంబలి తాగుతున్నాం కదా అని వాటిని మానవద్దు. ఇంట్లో నెలకు ఎంత నూనె, ఎంత నెయ్యి ఖర్చవుతుందో, ఎంతమంది తింటారో రాసుకొని వెళ్ళండి. డాక్టరు అడిగేది అదే.