యుద్ధాన్ని బొమ్మల్లో చెప్పండి

2025 మే నెలలో భారత్, పాకిస్తాన్ మధ్య ఘర్షణ జరిగినప్పుడు శంషాబాద్ నుంచి ఉత్తరాదికి వెళ్లాల్సిన విమానాలు ఎన్నో రద్దయ్యాయి. హైదరాబాద్‌లో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. అలాంటప్పుడు పిల్లలు అడుగుతారు: బాంబులు మన దాకా వస్తాయా? ‘నీకెందుకు, చదువుకో’ అని కసిరితే వెళ్లి ఫోన్‌లో వెతుక్కుంటారు. అక్కడ ఏం కనబడుతుందో మన చేతుల్లో ఉండదు.

బొమ్మల పుస్తకం ఇవ్వండి. పేజీ తిప్పేది వాళ్లే. భయమేస్తే మూసేస్తారు, ధైర్యం వచ్చాక మళ్లీ తెరుస్తారు.

జపాన్ చిత్రకారిణి తోషి మారుకి 1980లో ‘హిరోషిమా నో పికా’ అనే బొమ్మల పుస్తకం తెచ్చారు. ఏడేళ్ల పాప పొద్దున్నే అమ్మానాన్నలతో తింటూ ఉండగా అణుబాంబు పడుతుంది. గాయపడిన నాన్నను వీపున వేసుకుని అమ్మ పరుగెడుతుంది. రోజులు గడిచినా పాప పిడికిట్లో తినే పుల్లలు అలాగే ఉండిపోతాయి, వేళ్లు తెరుచుకోవు. ఎంతమంది చనిపోయారన్న లెక్క పిల్లల మనసుకు ఎక్కదు. ఆ పిడికిలి ఎక్కుతుంది.

మనకూ అలాంటి చరిత్ర ఉంది. 1948 ఆగస్టు 27న నిజాంకు అండగా నిలిచిన ప్రైవేటు సైన్యం రజాకార్లు, నిజాం బలగాలు బైరాన్‌పల్లి మీద పడి ఊరివాళ్లను కాల్చి చంపారు. ఊరివాళ్లు కాపలా కాసిన బురుజు నేటికీ నిలిచే ఉంది. శంషాబాద్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. పిల్లల చేత ఆ బురుజు బొమ్మ గీయించండి. పటాల మీద బొమ్మలతో కథలు చెప్పే కళకు పేరున్న చేర్యాల కూడా ఆ దగ్గర్లోనే ఉంది.

అక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం మీద భారత సైనిక చర్య జరిగాక, ఏ పాపమూ ఎరగని ముస్లిములు వేలమంది చనిపోయారని పండిట్ సుందర్‌లాల్ బృందం ప్రభుత్వానికి నివేదించింది. రజాకార్లను ఎదిరించి రాసినందుకు హత్యకు గురైన సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. ఈ మూడు కథలూ కలిపే చెప్పాలి. ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లల్లో ఎవరూ తల దించుకోకూడదు, ఎవరూ పక్కవాణ్ని శత్రువులా చూడకూడదు.

ముందు మీరు చదివాకే పుస్తకం చేతికివ్వండి. చిన్నపిల్లలకు శవాల బొమ్మలు వద్దు, పడుకోబోయే ముందు అసలే వద్దు. అడిగినంత వరకే చెప్పండి.

1948ని కళ్లారా చూసిన తాతయ్యలకు, నానమ్మలకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఈ సెలవుల్లోనే మీ పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఒక నోట్‌బుక్కూ, రంగు పెన్సిళ్లూ ఇవ్వండి.