కొబ్బరి నీడలో పండి, గ్లాసులో నురగలెత్తే చాక్లెట్

ఒకరోజు తొమ్మిదో తరగతిలో పిల్లల్ని అడిగాను: "మీలో ఎంతమందికి కొబ్బరితోటలో కోకో చెట్లున్నాయి?" పదకొండు చేతులు లేచాయి. "మీ తోట గింజతో చేసిన చాక్లెట్‌ను ఎంతమంది రుచి చూశారు?" ఒక్క చెయ్యీ లేవలేదు. నిజం చెప్పాలంటే, అడిగిన నేను కూడా చెయ్యి ఎత్తలేని వాడినే!

మనది కోనసీమ. గౌతమికీ వశిష్ఠకూ నడుమ గోదావరి తెచ్చిపోసిన ఒండ్రునేల. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎటు వెళ్ళినా కొబ్బరి చెట్లే. ఆ తోటల్లో చాలాచోట్ల తల పైకెత్తితే కొబ్బరి గెలలూ, తల దించితే కోకో కాయలూ కనిపిస్తాయి. కోకో పంటలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. మరి ఇన్ని గింజలు పండించే మనం వాటి రుచి ఎరగకపోవడం ఏమిటి? ఆ ఆదివారమే ప్రయోగం మొదలుపెట్టాను.

పండిన కాయలు మూడు తెచ్చి పగలగొట్టాను. తెల్లటి గుజ్జు కడిగేసి, గింజలు మూడు రోజులు ఎండబెట్టి, వేయించి, పొడి కొట్టి, వేడి పాలలో పంచదారతో కలిపాను. రంగు బాగానే ఉంది. కాని నోట్లో పోసుకుంటే చేదు, దానిమీద జామపిందె నమిలినంత వగరు! మా ఇంట్లోవాళ్ళు ఒక్క గుక్కతో గ్లాసులు కింద పెట్టేశారు. "ఇందులో చాక్లెట్ ఎక్కడుంది?" అని అడిగారు.

మంచి ప్రశ్న. సమాధానం తెలుసా? పచ్చి కోకో గింజలో చాక్లెట్ రుచి ఉండదు! అది గింజతో పుట్టేది కాదు, అంచెలంచెలుగా మనం పుట్టించేది. ఎలాగో చూద్దాం. చివర్లో మీరే మీ ఇంట్లో చిక్కటి వేడి చాక్లెట్ తయారు చేసుకుందురుగాని.

కుప్పలో పుట్టే రుచి

కోకో శాస్త్రీయ నామం థియోబ్రోమా కకావో. 1753లో లిన్నేయస్ పెట్టిన ఈ పేరులో మొదటి మాటకు గ్రీకు భాషలో "దేవతల ఆహారం" అని అర్థం. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులు. పెద్ద చెట్ల నీడలో పెరిగిన జాతి కాబట్టే కొబ్బరి నీడ దీనికి చక్కగా సరిపోయింది. పూలు కొమ్మల చివర కాక మానుకే పూస్తాయి. ఒక్కొక్క కాయలో 30 నుంచి 45 గింజల దాకా ఉంటాయి.

రైతులు ఆ గింజల్ని గుజ్జుతో సహా బుట్టల్లోనో, చెక్కపెట్టెల్లోనో పోసి, అరటి ఆకులూ గోనెలూ కప్పి అయిదారు రోజులు ఉంచుతారు. దీన్నే కిణ్వనం అంటాం. మామూలు మాటల్లో పులియబెట్టడం. అన్నిటికీ సమంగా గాలీ వేడీ తగలడానికి మధ్యమధ్య తిరగబోస్తారు.

ఆ కుప్పలో ఏం జరుగుతుంది? తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉండి, పొద్దెక్కేకొద్దీ పులిసిపోతుందని మీకు తెలుసు కదా. ఇక్కడా అదే కథ. మొదట ఈస్ట్ అనే సూక్ష్మజీవులు గుజ్జులోని చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తాయి. గుజ్జు నీరై కారిపోతుంది. అప్పుడు గింజల నడుమ గాలి చొరబడుతుంది. గాలి కావలసిన మరో జాతి బాక్టీరియా రంగంలోకి దిగి ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వినిగర్‌లో ఉండే ఆమ్లంగా, మారుస్తాయి. ఈ చర్యలో వేడి పుడుతుంది. కుప్ప లోపల ఉష్ణోగ్రత 45 నుంచి 50 డిగ్రీల సెంటిగ్రేడు దాకా పెరుగుతుంది. శీతకాలం ఉదయం పెంటకుప్ప కదిలిస్తే ఆవిరి రావడం చూశారా? ఇదీ అలాంటిదే.

ఆ వేడికీ ఆమ్లానికీ గింజలోని మొలక చనిపోతుంది. కణాల గోడలు తెగి, అంతవరకు వేరువేరు అరల్లో ఉన్న పదార్థాలు కలుస్తాయి. ఎంజైములు మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా, చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడతాయి. వగరు తగ్గుతుంది. ఊదారంగు గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంకా చాక్లెట్ రుచి రాలేదు. దానికి కావలసిన ముడిసరుకు మాత్రం సిద్ధమయిందన్నమాట. తర్వాత వంద గ్రాముల గింజలో తేమ 7 గ్రాములకు మించకుండా ఎండబెడతారు.

నేను గుజ్జు కడిగేసినప్పుడు పారబోసింది ఈ ముడిసరుకునే! కడగకుండా పులియబెట్టినా మూడు కాయలతో పని జరగదు. చిన్న గుప్పెడు గింజల్లో పుట్టిన వేడి వెంటనే గాలిలో కలిసిపోతుంది. వేడి నిలవాలంటే పెద్ద కుప్పే కావాలి. అందుకని మీరు పులిసి ఎండిన గింజలనే తోట ఉన్నవారిని అడిగి తెచ్చుకోండి.

కోసి చూడండి

గింజ సరిగా పులిసిందో లేదో ఎలా తెలుస్తుంది? పది ఎండు గింజలు తీసుకుని, పెద్దవాళ్ళ సాయంతో పొడవునా రెండు బద్దలుగా కోయించండి. లోపల పలకలా బూడిదరంగులో గట్టిగా ఉంటే అది పులియలేదు. ఊదారంగు ఉంటే సగమే పులిసింది. గోధుమరంగుతో పగుళ్ళు పగుళ్ళుగా విడిపోతుంటే చక్కగా పులిసింది. బూజు కనిపిస్తే ఆ గింజ పనికిరాదు. దీన్ని కోత పరీక్ష అంటారు. గింజ నాణ్యత తేల్చడానికి ప్రపంచమంతటా చేసే పరీక్ష ఇదే.

దీని విలువ చిన్నది కాదు. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా అనే రెండు ఆఫ్రికా దేశాలలోనే పండుతుంది. అక్కడ పంట తగ్గడంతో 2024లో అంతర్జాతీయ మార్కెట్లో టన్ను ధర పదివేల డాలర్లు దాటింది. 2025లో మళ్ళీ బాగా పడిపోయింది. ఎక్కడో కురిసే వాన మన చేతిలో లేదు. ఆ ధరా మన చేతిలో లేదు. కాని కుప్పను మూడో రోజునే విప్పి ఎండలో పోయాలా, ఆరో రోజు దాకా ఆగాలా అన్నది మాత్రం మన చేతిలోదే. తొందరపడి పోగొట్టుకున్న రుచిని తర్వాత ఏ ఫ్యాక్టరీ కూడా పూర్తిగా తిరిగి తేలేదు.

మూకుడులో, చేటలో

ఇక వంటింట్లోకి పదండి. పొయ్యి దగ్గర పని కాబట్టి పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

ఎండు గింజలు 100 గ్రాములు తీసుకోండి. ఒక్కొక్కటి సుమారు ఒక గ్రాము తూగుతుంది కాబట్టి లెక్కకు ఇవి మూడు కాయల గింజలు. మందపాటి మూకుడులో సన్నని సెగమీద 15 నుంచి 20 నిమిషాలు కలుపుతూ వేయించండి. మొదట పుల్లటి వాసన వస్తుంది. అది ఆవిరైపోతున్న ఎసిటిక్ ఆమ్లం. తర్వాత చిటపటలు. ఆ తర్వాత ఒక్కసారిగా ఇల్లంతా చాక్లెట్ వాసన! అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి వందలాది కొత్త సువాసన పదార్థాలుగా మారుతున్నాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ దీన్ని వివరించాడు కనుక మయ్యార్ చర్య అంటారు. దోసె ఎర్రగా కాలినప్పుడు వచ్చే కమ్మని వాసన కూడా దీనివల్లనే. మాడిస్తే మాత్రం మళ్ళీ చేదే మిగులుతుంది.

చల్లారాక చేత్తో నలిపి, చేటలో పోసి చెరగండి. తేలికైన పొట్టు ఎగిరిపోతుంది, బరువైన పలుకులు మిగులుతాయి. పొట్టూ తేమా పోగా సుమారు 80 గ్రాముల పలుకులు వస్తాయి. వాటిని రోట్లోగాని, మిక్సీలోగాని నూరండి. మిక్సీ అయితే నిమిషం తిప్పి, కాసేపు ఆపుతూ ఉండండి. మొదట పొడి అవుతుంది. ఇంకా నూరితే, నీటిచుక్క పోయకుండానే అది ముద్దగా జారుతుంది! ఎందుకు? పలుకులో దాదాపు సగం కోకో వెన్న. శీతకాలం ఉదయం కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టడం మీరు చూస్తూనే ఉంటారు. అది 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నూరేటప్పుడు పుట్టిన వేడే దానికి చాలు. మన నోటి వేడి 37 డిగ్రీలు కాబట్టే చాక్లెట్ నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది.

గిన్నెలో

నాలుగు గ్లాసులకు కావలసినవి: గేదె పాలు 600 మిల్లీలీటర్లు, కోకో ముద్ద 40 గ్రాములు, పంచదార 50 గ్రాములు, బియ్యప్పిండి ఒక చిన్న చెంచా, ఉప్పు చిటికెడు.

ముందుగా కోకో ముద్ద, పంచదార, ఉప్పు కలిపి మెత్తగా నూరండి. ఉప్పు చేదును అణచిపెడుతుంది. అందులో గోరువెచ్చని పాలు నాలుగు చెంచాలు పోసి ఉండలు లేకుండా కలపండి. ముద్దను ఒక్కసారిగా వేడి పాలలో పడేస్తే ఉండ పైభాగంలోని పిండి పదార్థం ఉడికి పొరకట్టి, లోపలికి పాలు పోనివ్వదు. కొవ్వు కూడా తడిని దూరంగా నెడుతుంది. అందుకే ఈ జాగ్రత్త.

బియ్యప్పిండిని కొద్దిగా చల్లని పాలలో విడిగా కలిపి ఉంచుకోండి. మిగిలిన పాలు కాచి, కోకో మిశ్రమంలో కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. మళ్ళీ సన్నని సెగమీద పెట్టి, బియ్యప్పిండి పాలు చేర్చి, అడుగంటకుండా అయిదు నిమిషాలు గరిటెతో తిప్పండి. 70 డిగ్రీల ప్రాంతంలో పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, పానీయం చిక్కబడుతుంది. పొంగు రాబోతుండగా దించండి. మిల్లీమీటరులో సుమారు 30వ వంతు కన్నా పెద్ద రేణువును కూడా నాలుక ఇసుకలా గుర్తుపడుతుంది. ఇంటి మిక్సీ అంత సన్నగా నూరలేదు కాబట్టి సన్నని జల్లెడలో వడకట్టండి.

ఇక కవ్వం తీసుకుని చిలకండి. ఈ పని అలంకారం కోసం కాదు. నూనె, నీరు వాటంతట అవి కలవవు. చిలికితే కోకో వెన్న సన్నని బిందువులుగా చీలుతుంది. పాలలోని మాంసకృత్తులు ఒక్కొక్క బిందువు చుట్టూ చేరి, అవి మళ్ళీ ఒకటి కాకుండా ఆపుతాయి. ఇలాంటి మిశ్రమాన్నే ఎమల్షన్ అంటాం. ఆ వెన్నదనమంతా దీనివల్లనే. పైగా అవే మాంసకృత్తులు వగరును కలిగించే పదార్థాలను పట్టి ఉంచుతాయి. టీలో పాలు పోస్తే వగరు తగ్గేదీ ఇందుకే.

నమ్మకం కలగకపోతే పరీక్షించండి. ఒక గ్లాసులో వేడి నీళ్ళు, మరో గ్లాసులో వేడి పాలు పోసి, రెండింటిలోనూ చెంచాడు కోకో ముద్ద కలిపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. దేనిమీద నూనె చుక్కలు ఎక్కువగా తేలాయో రాసుకోండి.

మెక్సికోలో అజ్టెక్ ప్రజలు కోకోను పంచదార లేకుండా, మిరపకాయ కూడా కలిపి తాగేవారు. నురగ కోసం పైనుంచి కిందికి ధారగా పోసేవారు, మనం కాఫీ తిరగబోసినట్టు! స్పెయిన్‌వాళ్ళు వచ్చాక అక్కడ వాడుకలోకి వచ్చిన చెక్క చిలుకుడు కర్రను రెండు అరచేతుల మధ్య తిప్పుతారు. దాని పేరు మొలినీయో. మన కవ్వానికి చుట్టమే కదూ! 1828లో హాలెండులో వాన్ హౌటెన్ గింజనుంచి వెన్నను పిండి తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. మిగిలిన పిప్పినుంచే కోకో పొడి వచ్చింది. తోట లేనివాళ్ళు ఆ పొడినే గ్లాసుకు రెండు చిన్న చెంచాలు వాడండి. వెన్న తీసేసిన పొడి కాబట్టి చిక్కని గేదె పాలు తప్పనిసరి. ఒక హెచ్చరిక: కోకోలోని థియోబ్రోమిన్ కుక్కలకు విషం. గిన్నె నాకనివ్వకండి.

రెండోసారి నేను ఇలాగే చేసి బడికి పట్టుకెళ్ళాను. ఆ పదకొండు మందిలో ఒక అబ్బాయి గ్లాసు ఖాళీ చేసి, "మాస్టారూ, ఇది మా గింజేనా?" అన్నాడు. మర్నాడు పది గింజలు కోసి కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. నాలుగు గోధుమరంగువి, ఆరు ఊదారంగువి. "మా నాన్నకు చూపించాను. ఈసారి కుప్ప ఆరో రోజున విప్పుదాం అన్నారు" అన్నాడు.

మీ గింజలు ఏ రంగులో ఉన్నాయి? కోసి చూడండి.