మార్కులు వేసేవాళ్లు లేని ఏడాది

సమస్య

మాది ఆదిలాబాద్. 2024 డీఎస్సీలో ఎస్‌జీటీగా ఎంపికై, ఆ అక్టోబరులోనే ఉట్నూరు వైపు ఒక గోండు గూడెంలోని ప్రాథమిక పాఠశాలలో చేరాను. నాతోపాటు ఉండాల్సిన సార్ డిప్యుటేషన్ మీద వేరే బడికి వెళ్లారు. ఎక్కువ రోజులు ఐదు తరగతులూ నా ఒక్కదాని మీదే.

మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. డిసెంబరు వస్తే చాలు, ఆ ఏడాది సాధించినవన్నీ రాసుకుంటుంది: చేసిన కోర్సులు, వచ్చిన ప్రమోషన్, తగ్గిన బరువు, చూసిన ఊళ్లు. ఈసారి నన్నూ రాయమంది. కూర్చున్నాను. స్కూటీ నేర్చుకున్నాను. కోచింగ్ కోసం బాపు చేసిన అప్పు తీర్చాను. గోండిలో నాలుగు ముక్కలు మాట్లాడతాను, పిల్లలు నవ్వుతారు. ఇంతకుమించి పెన్ను కదల్లేదు. ఇవీ సాధించినవేనా అని సిగ్గేసి చింపేశాను.

బడి సంగతి చూస్తే నాలుగు, ఐదు తరగతుల వాళ్లకు ఇప్పటికీ భాగహారం రాదు. ఇళ్లలో చదివించేవాళ్లు లేరు. దండారి పండుగ రోజుల్లో సగం మంది రారు. అది అవగానే పత్తి ఏరడం, ఆ తర్వాత పుష్యమాసంలో నాగోబా జాతర. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోన్‌లో హాజరు, మండలం నుంచి అడిగే వివరాలు, వీటితోనే ఒక్కోరోజు పొద్దుగూకుతుంది. ఒకటో తరగతిలో ఒక బాబు జూన్‌లో రోజంతా సంచి వీపు మీద నుంచి తీయకుండా కూర్చునేవాడు, ఎప్పుడు ఇంటికి పంపిస్తారా అని. ఇప్పుడు తీసి గోడకు ఆనిస్తున్నాడు. అంతవరకు నయం.

డీఎస్సీకి చదివేటప్పుడు ఇలా లేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండగా ఆదివారం టెస్టు రాస్తే సాయంత్రానికి మార్కులు వచ్చేవి. నేనెక్కడున్నానో తెలిసేది. ఇప్పుడు తెలియడం లేదు. మళ్లీ గ్రూప్-2కి చదువుదామా అనిపిస్తోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్లంతా ముందు అడిగేది ‘ట్రాన్స్‌ఫర్ ఎప్పుడొస్తుంది’ అనే. ఈ ఏడాదిలో నేను ఎదిగానా, ఊరికే గడిపేశానా?

- ఒక టీచర్, ఆదిలాబాద్ జిల్లా

సలహా

అమ్మా, గ్రూప్-2 మాట మీరు చివర్లో మెల్లగా అన్నారు గానీ, ఉత్తరమంతా దానికోసమే రాసినట్టుంది. అందుకే అక్కడే మొదలుపెడతాను.

2017 టీచర్ల నోటిఫికేషన్ తర్వాత మీలాంటివాళ్లు ఎంతకాలం ఎదురుచూశారో నాకు తెలుసు. 2023లో 5,089 పోస్టులన్నారు, పరీక్షే జరగలేదు. దాన్ని రద్దుచేసి 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో మళ్లీ ప్రకటించారు. అన్నేళ్లూ మీ బతుకు మార్కుల చుట్టూనే తిరిగింది. రాతపరీక్షకు ఎనభై, టెట్‌కు ఇరవై. అర మార్కు తేడాతో ర్యాంకు ఎక్కడికో పోయేది. నియామకపత్రం చేతికొచ్చిన మర్నాటినుంచి ఆ లెక్క ఆగిపోయింది. ఇకమీద మీ సర్వీసు రిజిస్టరులో ఏటా ఒక ఇంక్రిమెంటు రాస్తారు. అది పాఠం చెప్పినవాళ్లకూ పడుతుంది, చెప్పనివాళ్లకూ పడుతుంది. మీకు కావలసింది గ్రూప్-2 ఉద్యోగమా, ఆదివారం టెస్టా?

తేల్చుకోవడం కష్టం కాదు. ఒక సీఎల్ పెట్టి తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి ఒక పూట కూర్చోండి. గ్రూప్-2 ఉద్యోగాల్లో ఒకటైన డిప్యూటీ తహసీల్దారు ముందుకు ఎలాంటి కాగితాలు వస్తున్నాయో, ఆయన ఎవరితో ఎలా మాట్లాడాల్సి వస్తోందో చూడండి. ఆ పని నేను చేయగలను, చేయాలనుంది అనిపిస్తే నిక్షేపంగా చదవండి. టీచరు ఉద్యోగం వదలడమే పాపమనే మనిషిని కాను. అనిపించకపోతే ఆ పుస్తకాలు అటకెక్కించండి.

మీ అక్కను తప్పుపట్టను. ఆ ఆఫీసుల్లో ఎవరి పని గురించి వాళ్లే ఏటా గొప్పగా రాసుకోవాలి, జీతం పెంచేటప్పుడు దాన్నీ చూస్తారు. ఆ అలవాటే ఇంటిదాకా వచ్చింది. మీరు ఆ నమూనాలో రాయబోయారు కాబట్టి సంచి పిల్లవాడు మీ జాబితాలోకే రాలేదు, ఫిర్యాదుల మధ్యలో పడ్డాడు. తన ఇంటి మాట వినపడని గదిలో రోజంతా పారిపోవడానికి సిద్ధంగా కూర్చున్నవాడు సంచి దించాడంటే, ఆ గదిలో ఎవరో తనతో తన భాషలో మాట్లాడి ఉంటారు. ఎవరబ్బా?

నాలుగు ముక్కల గోండి అని తీసిపారేశారు. జైనూరు మండలంలోని మార్లవాయి మీకు దూరమేం కాదు, ఒకసారి వెళ్లి రండి. కొమురం భీం పోరాటం తర్వాత గోండుల మధ్యకు వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఆ ఊళ్లోనే ఉన్నాడు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించాడు. వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో తయారుచేయించాడు. పిల్లవాడి ఇంటి మాటతోనే చదువు మొదలుకావాలని ఎనభై ఏళ్ల కిందట ఆ అడవిలో తేలిన విషయం మీరు మీ అంతట మీరే కనుక్కున్నారు. డీఎడ్‌లో మీకెవరూ నేర్పని సబ్జెక్టు అది. నాలుగు ముక్కల్ని నలభై చేయండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి, తప్పు చెప్పి నవ్వించే టీచరు ముందు నోరు విప్పడానికి వాళ్లకూ భయం ఉండదు.

ఇక నచ్చనిది. భాగహారం రాదని రాసి, వెంటనే ఇళ్లలో చదివించేవాళ్లు లేరన్నారు. ఈ రెండో మాట చేరినరోజు మీ నోట ఉండి ఉండదు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో టీ తాగుతూ అంటించుకునే మాట ఇది. చదివించేవాళ్లు లేరనే కదా అక్కడ బడి పెట్టింది. తొలిమెట్టు కార్యక్రమం కోసం మీరు రాసిన రిజిస్టరు తీయండి. ఎవరు ఏ మెట్టు దగ్గర మొదలయ్యారో మీ చేతిరాతతోనే ఉంటుంది. భాగహారం రాని పిల్లవాడిది చాలాసార్లు భాగహారం సమస్య కాదు. తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడమే వచ్చి ఉండదు. అక్కడికి వెనక్కి వెళ్లకుండా పుస్తకంలో లెక్కలు చేయిస్తే ఐదో తరగతి కూడా అలాగే దాటిపోతుంది. పత్తి చేలో తల్లి ఏరిన కిలోలకు కూలి ఎంతో ఆ పిల్లలే నోటితో చెప్పేస్తారు, అడిగి చూడండి. పిల్లల్ని చేలకు పంపడం మంచిదని కాదు నేననేది. వాళ్లకు లెక్క వచ్చు, కాగితం మీద గుర్తులు రావు అంటున్నాను.

బాపు అప్పు తీర్చడాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. గది అద్దె, పెట్రోలు పోను మొదటి ఏడాది జీతంలోంచి అంత మిగల్చాలంటే ఎన్ని కోరికలు మింగి ఉంటారో నాకు అర్థమైంది. కానీ జాగ్రత్త, అప్పు తీరిందని తెలియగానే ఇంట్లో ఇంకో అవసరం పుడుతుంది. వాళ్లు చెడ్డవాళ్లై కాదు, నెలనెలా వచ్చే జీతం అందరికీ తొందరగా అలవాటవుతుంది. మీ పేరున ఎంత దాచుకోవాలో వచ్చే జీతానికి ముందే నిర్ణయించుకుని, మిగిలినదాని గురించే ఇంట్లో మాట్లాడండి.

సంబంధాల విషయంలో ట్రాన్స్‌ఫర్ గురించి అడగడం వాళ్ల హక్కు. అబ్బాయి ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటాడని మీరూ అడగండి. దానికి వాళ్లింట్లో ఎవరి ముఖం ఎలా మారుతుందో చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

జనవరిలో కేస్లాపూర్ నాగోబా జాతర వస్తోంది. మీ బడిలో ఆ జాతర జరిపే మెస్రం వంశం పిల్లలు ఎందరున్నారో, ఎవరు ఏ రోజులు రారో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. ఆ వారం కొత్త పాఠాలు ఆపేసి, వచ్చిన కాసిని మందినీ కూర్చోబెట్టి ఆ అప్పు తెచ్చుకునే తీసివేతలు చేయించండి.