ఆకాశమార్గమున కుదుపులు

నావకు అలలెట్టివో విమానమునకు గాలిసుళ్లట్టివి. కొండలను దాటునపుడును, ఉరుము మేఘములలో పైకి లేచునపుడును, మిక్కిలి యెత్తున మహావేగముతో పారు గాలివాహినుల యంచులందును వాయువు సుళ్లు తిరుగును. మేఘములలోని నీటి బిందువులను రాడారు కనిపెట్టగలదు గాని నిర్మలాకాశమందలి సుడిని చూడజాలదు. కావున కొన్ని కుదుపులు హెచ్చరిక లేకయే వచ్చును.

2024 మే 21వ తేదీన లండను నుండి సింగపూరునకు పోవుచుండిన సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానమొకటి మయన్మారు దేశముమీద, సుమారు 37,000 అడుగుల యెత్తున, తీవ్రమైన కుదుపులో చిక్కుకొనెను. అందు 211 మంది ప్రయాణికులును 18 మంది సిబ్బందియు నుండిరి. బెల్టు బిగించుకొనుడని తెలుపు దీపము వెలిగిన కొలది సెకండులకే విమానము ఒక్కపెట్టున క్రిందికి దిగజారెను. బెల్టు లేనివారు పైకెగిరి మరల క్రిందపడిరి. ఒక ప్రయాణికుడు మరణించెను, అనేకులు గాయపడిరి. విమానమును బాంకాకున దింపవలసివచ్చెను.

వారు పైకెగురుటకు కారణమేమి? బస్సు హఠాత్తుగా నిలిచినపుడు మనము ముందునకు తూలుదుము గదా! దేహము తన పూర్వగమనమును విడువకుండుటయే దీనికి హేతువు. దీనినే జడత్వమందురు. విమానము అతివేగముగా దిగినపుడు, బెల్టు లేని దేహము దానితో దిగక వెనుకబడును. అంతట విమానపు కప్పు వచ్చి తలకు తాకును. బెల్టు దేహమును విమానముతో ఒకటిగా బంధించును.

మరి నిలుచున్నవారి గతి యేమి? కుదుపు మొదలైనచో తమ ఆసనము దూరమైనను దానికై పరుగెత్తరాదు. దగ్గరనున్న ఖాళీ ఆసనమున కూర్చుండి బెల్టు బిగించుకొనవలెను. ఆసనము దొరకనిచో నేలపై కూర్చుండి, ప్రక్కనున్న ఆసనపు చేతిపట్టునుగాని క్రింది కమ్మినిగాని గట్టిగా పట్టుకొనవలెను. స్నానగృహమందున్నవారు అచ్చటి పిడిని విడువరాదు.

అందరికంటె ఆపద యెక్కువ సిబ్బందికే. వారి పని నిలుచుండి చేయవలసినది. భోజనపు బండి బరువైనది. కుదుపులో అదియు ఎగిరిపడగలదు. అందుచే వారు బండికి బ్రేకు వేసి, వేడి పానీయముల పాత్రలను నేలపై నుంచి, వెంటనే కూర్చుండవలెను. పై ప్రమాదము పిదప ఆ సంస్థ, దీపము వెలిగినపుడు వేడి పానీయములనేగాక భోజనములను గూడ వడ్డించుట నిలుపవలెనని నిర్ణయించెను.

బాలలారా! ఆసనమున నున్నంతసేపు, దీపము వెలుగకున్నను, బెల్టు ధరించియుండుడు. అట్లు చేసినచో మిమ్ము హెచ్చరించుటకై సిబ్బంది నిలిచియుండవలసిన పని తగ్గును. మన జాగ్రత్త మనలనేగాక, మనకు సేవచేయువారిని గూడ కాపాడును.