నా చేతిరాత ఎందుకు చెడిపోయిందంటే...

చదువులో ఎలా పైకి రావాలో రాయమని బులెటిన్ వారు అడిగారు. అది నాకంటె బాగా రాయగలవారు చాలామంది ఉన్నారు. నేను ఒక సెమిస్టరు ఎలా పోగొట్టుకున్నానో రాస్తాను. ఇందులో కొంత సైన్సు పాఠం కూడా ఉంది. పరీక్షకు రాకపోయినా ఇంట్లో పనికొస్తుంది.

2016లో నేను బి.కాం. రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పెరంబూరు. నాన్నగారు జార్జిటౌన్‌లో ఒక కాగితాల దుకాణంలో లెక్కలు రాసేవారు. ఆయన రాత అచ్చు వేసినట్టుంటుంది. నా రాత కూడా బాగానే ఉండేది. ఆ ఏడాది జూలై నుంచి పాడవడం మొదలైంది. అంకెలు గడి దాటి పక్క గడిలోకి పోయేవి. ఏడు రాస్తే ఒకటిలా కనిపించేది. రూపాయల వరస పేజీ కిందికి వచ్చేసరికి పక్కకు జరిగిపోయేది. కోడి కెలికినట్టుందని క్లాసులో అందరిముందూ అన్నారు. సెల్‌ఫోను పట్టుకుని చదివితే ఇలాగే ఉంటుందని నాన్నగారు ఫోను తీసుకుని బీరువాలో పెట్టేశారు.

ఆగస్టులో తలనొప్పి వచ్చింది. తెల్లవారుజామున లేవగానే వెనకవైపు పట్టేసినట్టుండేది. ఒక వాంతి అయ్యాక తగ్గిపోయేది, కాలేజీకి వెళ్ళిపోయేదాన్ని. వాంతితో తగ్గింది కాబట్టి పైత్యం అని అమ్మ తేల్చింది. జీలకర్ర కషాయం ఇచ్చింది. నాయనమ్మ దిష్టి తీసింది. మా వీధి డాక్టరు ముందు గ్యాసు అన్నారు, తర్వాత మైగ్రేన్ అన్నారు, మాత్రలు మార్చారు. ఆరు వారాలు అలా గడిచాయి. ఈలోగా నడుస్తుంటే కుడివైపు తూలడం, గుమ్మానికి భుజం తగలడం మొదలైంది. "కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడుస్తావేమే" అని అమ్మ విసుక్కునేది.

ఎవరినీ తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. వీటిలో ఏ ఒక్కటి చూసినా మామూలు విషయమే. చేతిరాత, పొద్దుటి వాంతి, తూలడం, ఈ మూడూ ఒకే పిల్లకు ఒకే నెలలో వస్తున్నాయని మా ఇంట్లో ఎవరమూ కలిపి చూసుకోలేదు. నేను కూడా చూసుకోలేదు.

దసరా సెలవుల తర్వాత, అద్దాలు మార్చాలేమోనని నాన్నగారు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన చుక్కల మందు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూశారు. నన్ను బయట కూర్చోమన్నారు. కంటి వెనక నరం వాచి ఉందనీ, ఇంటికి పోకుండా ఇటునుంచి ఇటే పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళమనీ నాన్నగారికి చెప్పారు. కంటి నరం మెదడులోంచే వస్తుంది. తల లోపల ఒత్తిడి పెరిగితే ఆ నరం మొదలు ఉబ్బుతుంది. పుర్రె విప్పకుండా ఆ ఒత్తిడిని కంటితో చూడగలిగే చోటు అదొక్కటే. తలనొప్పి తగ్గకపోతే కంటి వెనక భాగం పరీక్ష చేయించమని అందరికీ చెబుతున్నది అందుకే. ఆ పరీక్షకు చుక్కల మందు, ఓ లైటు చాలు.

సెంట్రల్ స్టేషను ఎదురుగా ఉన్న రాజీవ్‌గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో చేర్చారు. ఎమ్మారై తీశారు. ఆ గొట్టంలో పడుకుంటే పక్కన ఎవరో రేకు డబ్బా వాయిస్తున్నట్టుంటుంది. అంతకు మించి బాధ ఏమీ లేదు, భయపడకండి. డాక్టరుగారు ఫిల్ము చూపించి తమిళంలో "కట్టి" అన్నారు. అంటే గడ్డ. అమ్మ అక్కడే కింద కూర్చుండిపోయింది.

ఇప్పుడు పాఠం. తల వెనక కింది భాగంలో ఉండేది చిన్నమెదడు. తెలుగు పుస్తకాల్లో అనుమస్తిష్కం అంటారు. శరీరం తూలకుండా చూడటం దాని పని అని రెండు మార్కులకు రాసి మరిచిపోతాం. చెయ్యి ఎంత దూరం పోవాలి, ఎక్కడ ఆగాలి అన్న లెక్క చూసేది కూడా అదే. ఆ లెక్క తప్పితే పెన్ను గడి దాటిపోతుంది. పెద్దమెదడులో ఎడమ భాగం కుడి చేతిని నడిపిస్తుంది. చిన్నమెదడులో అలా కాదు, కుడి భాగం కుడి చేతికే. నా గడ్డ కుడివైపు ఉంది, పక్కన ఒక నీటి తిత్తితో సహా. ఇక తలనొప్పి సంగతి. మెదడు లోపలి గదుల్లో రోజుకు సుమారు అర లీటరు ద్రవం ఊరి, తిరిగి రక్తంలోకి పోతుంటుంది. అది పోయే దారి ఇరుకైంది. రాత్రంతా పడుకుని ఉంటే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అందుకే తెల్లవారి నొప్పి. పైత్యం కాదు.

చేర్చిన రెండు రోజులకే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందుతో నొప్పి చాలావరకు పోయింది. తగ్గిపోయిందిగా, ఇంటికి తీసుకుపోదామని మా బంధువుల్లో కొందరు నిజంగానే అన్నారు. మందు తగ్గించింది వాపుని. గడ్డ ఎక్కడిదక్కడే ఉంది.

ఆపరేషను నవంబరులో జరిగింది. నోట్ల రద్దు రోజులు. ప్రభుత్వ ఆస్పత్రి కాబట్టి ఆపరేషనుకు డబ్బు కట్టనక్కరలేదు గాని, టిఫినుకూ ఆటోకూ చిల్లర కోసం నాన్నగారు ఏటీఎం వరసల్లో నిలబడ్డారు. సంతకం పెట్టించేముందు డాక్టరుగారు అన్నీ చెప్పారు. మింగడం కష్టం కావచ్చు, మాట తడబడవచ్చు, మెలకువ రావడం ఆలస్యం కావచ్చు. అన్నీ విని నాన్నగారు ఒకే ప్రశ్న అడిగారట, "రాయగలదా సార్?" అని. ముందు గడ్డ తీద్దాం, రాత సంగతి తర్వాత చూద్దామన్నారట ఆయన.

ఆ ఆస్పత్రి గురించి రెండు మాటలు చెప్పాలి. నరాల శస్త్రచికిత్స విభాగం మన దేశంలో మొదట 1949లో వేలూరులో డాక్టర్ జాకబ్ చాందీ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది, 1950లో, మద్రాసు జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ బి. రామమూర్తి మొదలుపెట్టారు. అప్పటికి స్కానింగు లేదు. మెదడు గదుల్లోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసి, గడ్డ ఎక్కడుందో ఊహించేవారు. మనిషి తలకు మొదటి సీటీ స్కాను తీసింది 1971లో, లండనులో. రామమూర్తిగారు తర్వాతి రోజుల్లో పనిచేసిన అడయారు వి.హెచ్.ఎస్. ఆస్పత్రిలోని న్యూరోసర్జరీ కేంద్రానికి మన తెలుగు వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి పేరుంది. మనవాళ్ళలో చాలామందికి తెలియదని చెబుతున్నాను.

ఆపరేషను ఆరు గంటలు పట్టింది. కళ్ళు తెరిస్తే అమ్మలు ఇద్దరు కనిపించారు. రెండేసిగా కనిపించడం మూడు వారాలు ఉంది. తల తిప్పితే వాంతి వచ్చేది. గడ్డ ముక్కను పరీక్షకు పంపి, ఫలితం కోసం ఎదురుచూసిన రోజులే అన్నిటికంటె కష్టం. ఆ రోజుల్లో నాన్నగారు నాతో ఒక్క మాటా సరిగ్గా మాట్లాడలేదు. ఫలితం మంచిదే వచ్చింది. పైలోసిటిక్ ఆస్ట్రోసైటోమా, గ్రేడు ఒకటి. పిల్లల్లో, యువకుల్లో చిన్నమెదడుకు ఎక్కువగా వచ్చే గడ్డల్లో ఇదొకటి. పూర్తిగా తీసేయగలిగితే సాధారణంగా కరెంటు, కీమో అక్కరలేదు. ట్యూమరు అన్న మాట వినగానే క్యాన్సరు అనుకుంటాం. కొన్ని అవును, కొన్ని కాదు. ముక్క పరీక్ష ఫలితం వచ్చేదాకా ఏదీ అనుకోకూడదు.

అందరూ అయిపోయిందనుకున్నారు. చూడవచ్చినవాళ్ళు, కుట్లు మానాయి, జుట్టు కూడా వస్తుంది, ఇంకేం, అనేవారు. నాకు అసలు పని అప్పుడే మొదలైంది. డిసెంబరు 12న వార్దా తుపాను వచ్చి మా వీధిలో కరెంటు పోయింది. చీకట్లో బాత్రూముకు పోతూ గోడ పట్టుకుని కూడా పడిపోయాను. పందొమ్మిదేళ్ళ పిల్లను అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళాల్సి వచ్చేది. ఫిజియోథెరపీ మేడమ్ నేలమీద సుద్దగీత గీసి, మడమ ముందు బొటనవేలు ముందు పెట్టుకుంటూ నడవమనేవారు. చేతికి ఇంట్లో చింతగింజలు. పళ్ళెంలోంచి ఒక్కొక్కటే తీసి గ్లాసులో వెయ్యాలి. మొదటిరోజు ఇరవై గింజలకు సగం నేలమీదే ఉన్నాయి. మేం రోజూ గింజలు లెక్కపెట్టి కేలండరు మీద రాసేవాళ్ళం.

రాత దగ్గరికి వచ్చేసరికి నాన్నగారు నాలుగు గీతల పుస్తకం కొనుక్కొచ్చారు. పై వరసలో ఆయన అంకెలు రాసి పెట్టేవారు, చిన్నపిల్లలకు పెట్టినట్టు. దుకాణం నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చి, భోంచేయకముందే మర్నాటి పేజీ రాసి పెట్టేవారు. బీరువాలో పెట్టిన ఫోను గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. ఆస్పత్రిలో చేరిన రోజునే తెచ్చి నా దిండు కింద పెట్టారు.

చదువు కూడా అంత తేలికగా రాలేదు. అరగంట చదివితే నిద్ర వచ్చేసేది. విన్న పాఠం నిలిచేది కాదు. ఇది బద్ధకం కాదు, మెదడు ఆపరేషను తర్వాత ఈ అలసట కొన్ని నెలలు ఉంటుందని డాక్టరుగారు చెప్పాకే ఇంట్లో నమ్మారు. ఇరవై నిమిషాలు చదువు, పావుగంట విశ్రాంతి, అలా పెట్టుకున్నాను.

నవంబరు పరీక్షలు రాయలేదు కాబట్టి ఏప్రిల్ 2017లో అరియర్లతో కలిపి రాయాల్సి వచ్చింది. రాసిపెట్టే మనిషి కోసం అడిగితే, వైకల్యం నలభై శాతం ఉన్నట్టు సర్టిఫికెట్టు కావాలన్నారు. నాకు అంత లేదు. ప్రతి పేపరులోనూ చివరి ప్రశ్న వదిలేశాను. అన్నీ పాసయ్యాను, అకౌంట్సు ఒక్కటి తప్ప. అది నవంబరులో మళ్ళీ రాశాను.

ఇప్పుడు ఆ ఇబ్బంది కొంత తగ్గింది, ఇది రాసి పెట్టుకోండి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి నలభై శాతం లేదన్న కారణంతో రాసిపెట్టే మనిషిని నిరాకరించకూడదని చెప్పింది. ఆ తీర్పు తర్వాత కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో ఇలాంటివారికోసం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ వైద్యాధికారుల సర్టిఫికెట్టు కావాలి. పరీక్షకు వారం ముందు పరుగెత్తితే దొరకదు, టరమ్ మొదట్లోనే అడగాలి.

మొదటి ఏడాది మూడుసార్లు ఎమ్మారై తీశారు, తర్వాత ఏడాదికోసారి. గడ్డ తిరిగి రాలేదు. నేనిప్పుడు అంబత్తూరులో ఒక కంపెనీ అకౌంట్సులో పనిచేస్తున్నాను. లెక్కలన్నీ కంప్యూటరులోనే అయినా, ఓచర్లు చేత్తో రాయాలి. ఏడు ఇప్పటికీ ఒకటిలాగే వస్తుంది. అందుకని ఏడు మధ్యలో చిన్న అడ్డగీత పెడతాను.