నవ్వులలో మన యాస

నవరసాలలో హాస్యానికి విశిష్ట స్థానముంది. అయితే ఒకరితో కలసి నవ్వడం వేరు, ఒకరిని చూసి నవ్వడం వేరు. మొదటిది మనుషులను దగ్గర చేస్తుంది. రెండవది దూరం చేస్తుంది. ఈ భేదం తెలుగు సినిమాలలో యాసల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసులో వర్ధిల్లి, క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చింది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ దానికి నిలయాలయ్యాయి. కాని పరిశ్రమ చిరునామా మారినంత త్వరగా తెరమీది భాష మారలేదు. కథానాయకుడు సాధారణంగా కోస్తా జిల్లాల శిష్టవ్యవహారానికి దగ్గరైన భాషలోనే మాట్లాడేవాడు. తెలంగాణ యాస చాలా చిత్రాలలో ప్రతినాయకులకో, హాస్యపాత్రలకో పరిమితమైంది. 1979లో నిర్మితమైన ‘మా భూమి’ వంటి చిత్రాలు అరుదైన మినహాయింపులు.

దీని ప్రభావం వినోదంతో ముగిసిపోయేది కాదు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట తెరమీద ఎగతాళికి గురైతే, దానిని చూసే విద్యార్థి తన భాష తక్కువదని భావిస్తాడు. తరగతిలో నోరు విప్పడానికి జంకుతాడు. అందువల్ల సినిమాలో ప్రాతినిధ్యం ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం.

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ ధోరణిలో మార్పు ప్రస్ఫుటమైంది. 2016లో వచ్చిన ‘పెళ్ళిచూపులు’ చిత్రంలో కథానాయకుని మిత్రుడు, 2017లో వచ్చిన ‘ఫిదా’లో కథానాయిక తెలంగాణ యాసలోనే మాట్లాడి ప్రేక్షకుల అభిమానం పొందారు. 2021 మార్చిలో విడుదలైన ‘జాతిరత్నాలు’ మరో అడుగు ముందుకు వేసింది. అనుదీప్ కె.వి. దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని నాగ్ అశ్విన్ నిర్మించారు. జోగిపేట నుండి హైదరాబాదుకు వచ్చిన ముగ్గురు స్నేహితులు అనుకోకుండా ఒక హత్యాయత్నం కేసులో చిక్కుకోవడమే ఇందులోని కథ. నవీన్ పోలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ఆ పాత్రలను పోషించారు. ‘పెళ్ళిచూపులు’లో నాయకుని మిత్రుడైన ప్రియదర్శి, ఇక్కడ ముగ్గురు ప్రధానపాత్రధారులలో ఒకడయ్యాడు.

ఈ చిత్రంలో నవ్వు పుట్టేది వారి యాస వల్ల కాదు. వారి అమాయకత్వం, లేని గొప్పలు చెప్పుకొనే స్వభావం, ఆపదలోనూ ఒకరినొకరు వదలని స్నేహం నవ్వు పుట్టిస్తాయి. అందుకే జోగిపేటను ఎన్నడూ చూడనివారు సైతం వారిలో తమ మిత్రులను చూసుకొన్నారు. ఒక ఊరి మాట అందరి మాట అయింది.

అయినా ప్రాతినిధ్యం సంపూర్ణమైనదని చెప్పలేము. మగవారి స్నేహం చుట్టూ అల్లిన హాస్యచిత్రాలలో స్త్రీ తరచుగా ప్రేమకథకే పరిమితమవుతుంది. ‘జాతిరత్నాలు’లో ఫరియా అబ్దుల్లా ధరించిన చిట్టి పాత్ర న్యాయస్థానంలో మిత్రుల పక్షాన వాదిస్తుంది. కాని కథకు కేంద్రం ఆ ముగ్గురి స్నేహమే. ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసలు కూడా అపహాస్యం నుండి పూర్తిగా విముక్తి పొందవలసి ఉంది.

యాసలన్నీ తెలుగుతల్లి బిడ్డలే. ఏ బిడ్డ మాటనూ చిన్నచూపు చూడకుండా అందరినీ నవ్వించగలిగినదే ఉత్తమ హాస్యం.

ప్రశ్నలు
1. ఒకరితో కలసి నవ్వడానికి, ఒకరిని చూసి నవ్వడానికి గల భేదాన్ని వివరించండి.
2. సినిమాలలో యాసల ప్రాతినిధ్యం ఆత్మగౌరవానికి సంబంధించినదని ఎందుకు చెప్పవచ్చు?